జీతం పుస్తకంలో స్ట్రైకర్

పొన్నూరు వాళ్ళు రైలెక్కేది నిడుబ్రోలు స్టేషన్లో. సంక్రాంతికి ఆ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా కబడ్డీకి ముగ్గుతో గీతలు గీసి ఉంటాయి, వాలీబాల్ నెట్టు కట్టి ఉంటుంది, ఒంగోలు గిత్తల బండలాగుడు దగ్గర జనం విరగబడి చూస్తుంటారు. క్రికెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎమ్మెస్కే ప్రసాద్, అంబటి రాయుడు గుంటూరు గడ్డ మీద పుట్టినవాళ్ళే. ఫుట్‌బాల్ గోలుపోస్టులు మాత్రం వెతికితే తప్ప కనపడవు. పత్తి, మిరప పండించే ఈ మైదానాల కుర్రాళ్ళకు పరుగు రాక కాదు, కాలిసత్తువ లేక కాదు. ఇదే తెలుగునాట, రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో, ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టిన ఫార్వర్డ్ తయారయ్యాడు. అక్కడ పుట్టినవాడు ఇక్కడ ఎందుకు పుట్టలేదన్నది ఆటతో తేలే ప్రశ్న కాదు. ఉద్యోగాలు ఎవరిచ్చారో, జీతం ఎవరు కట్టారో చూస్తే గానీ తేలదు.

ఆ ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో, రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో పుట్టాడు. బొల్లారం వైపు వెళ్ళే రైలు మార్గంలో అమ్ముగూడ తర్వాతి స్టేషన్ పేరు ఇప్పటికీ కావల్రీ బ్యారక్స్. ఆ రెండు బోర్డులు చదివితే సగం చరిత్ర తెలిసిపోతుంది. కంటోన్మెంటులో సిపాయిలు ఉన్నారు, సిపాయిలకు సాయంత్రం ఆట కావాలి, ఆటకు మైదానం కావాలి. ఆ మైదానం అంచున నిలబడి బంతి అవతలికి పోతే తెచ్చిచ్చే పిల్లల్లోంచే ఆటగాళ్ళు వచ్చారు. గుంటూరు జిల్లాకు కాలువలొచ్చాయి, పొగాకు కంపెనీలొచ్చాయి, మిర్చి యార్డు వచ్చింది. పటాలం మాత్రం రాలేదు.

బలరాంకు బూట్లు కొనుక్కునే స్తోమతు లేదు. ఎవరో పోలీసు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళి, వాటికే అడుగున మేకులు వేయించి ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడని ఆయన కథ చెప్పే ప్రతివాళ్ళూ చెబుతారు. పేదరికానికి గుర్తుగా ఈ ముచ్చట చెప్పడం మామూలే. నాకు మాత్రం అందులో పోలీసు బూటే ముఖ్యంగా కనిపిస్తుంది. అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాల్ నిలబడింది ఆ బూటు మీదే.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యురాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను మళ్ళీ ఆడించిన మ్యాచ్‌లో ఓడించింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ లాంటివాళ్ళు ఆడిన జట్టది. ఆట బాగా ఆడితే పోలీసు కొలువు దొరుకుతుంది, కొలువు దొరికితే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పొద్దునా సాయంత్రం సాధనకు తీరికా దొరుకుతుంది. అలా బతుకు భరోసాతో ఆట సాగింది. కాగితం మీద మాత్రం అందరూ అమెచ్యూర్లే.

ఈ ఏర్పాటుకు బుర్ర సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉంటూ పోలీసు జట్టుకూ, తర్వాత దేశపు జట్టుకూ శిక్షణ ఇచ్చాడు. ఆయన పెట్టిన చిత్రమైన పోటీలను గురించి చెప్పుకోవాలి. ఒక టోర్నమెంట్‌లో అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలి. ఇంకో దాంట్లో డ్రిబ్లింగ్ కుదరదు, బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఎడమకాలు మొద్దుబారినవాడికి ఆ పోటీలు నరకం. కానీ నాలుగైదేళ్ళు అలా ఆడిన కుర్రాడికి రెండు కాళ్ళూ ఒకటే అవుతాయి, బంతి కాలి దగ్గరికి రాకముందే తలెత్తి చూడటం అలవాటవుతుంది. బలరాం ఆటలో కలకత్తా వాళ్ళు మురిసిపోయిన గుణాలు అవే. గోలు కొట్టడమే కాదు, గోలు కొట్టించడం కూడా తెలిసిన ఫార్వర్డ్. ఎడమ వింగ్‌లో పెట్టినా, ఇన్‌సైడ్‌లో పెట్టినా, ముందు నిలబెట్టినా ఆడేవాడు. రైడర్స్ క్లబ్బులో ఆడుతున్న ఈ కుర్రాణ్ణి రహీం పట్టుకున్నాడు. అమ్ముగూడ నుంచి సాధనకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిలు అద్దె తన జేబులోంచి ఇచ్చాడంటారు. పెద్ద పెద్ద పథకాల కంటే ఆ అద్దె సైకిలే భారత ఫుట్‌బాల్‌కు ఎక్కువ మేలు చేసిందేమో!

ఇక 1956. ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే నెలలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. రహీం శిక్షణలో వెళ్ళిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1-4తో, కంచు పతకం కోసం బల్గేరియాతో 0-3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. అంతకు నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో ఇదే యుగోస్లావియా మనవాళ్ళను 10-1తో చిత్తు చేసింది. ఇరవై ఏళ్ళ బలరాం మెల్‌బోర్న్ జట్టులో ఉన్నాడు. సంతోష్ ట్రోఫీ కూడా ఆ రెండేళ్ళూ, 1956, 1957ల్లో, ఫైనల్లో బొంబాయిని ఓడించి హైదరాబాదే గెలిచింది. రాష్ట్రం పటం మీద లేకపోయినా జట్టు పేరు హైదరాబాద్‌గానే ఉంది. ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆ ట్రోఫీ రావడానికి 1965-66 దాకా ఆగాల్సి వచ్చింది.

1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అప్పటికి హైదరాబాద్ ఆటగాళ్ళకు కలకత్తా దారి బాగా అలవాటైంది. అక్కడ లీగుంది, జనముంది, పేపర్లో ఫొటో ఉంది. 1958లో ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన జట్టులో ఆడాడు. 1961లో కెప్టెన్‌గా ఉండి, తొమ్మిదేళ్ళ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు కలకత్తా లీగు తెచ్చిపెట్టాడు. ఆ సీజన్లో లీగులో అందరికంటే ఎక్కువ గోల్స్ కూడా అతనివే, 23. 1962 రోవర్స్ కప్పు ఫైనల్ తేలకపోతే ఇద్దరినీ ఉమ్మడి విజేతలన్నారు. ఒకరు ఈస్ట్ బెంగాల్, రెండోవారు ఆంధ్రా పోలీస్. ఒకప్పుడు ఎవరి పాత బూట్లు వేసుకుని ఆట నేర్చుకున్నాడో, ఆ పోలీసుల జట్టే ఎదురుగా నిలబడింది.

పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం: ఆ ముగ్గురి పేర్లూ అప్పట్లో ఒక్క గుక్కలో పలికేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా దాన్ని ఓటమి కింద రాయబుద్ధి కాదు. లాక్విలాలో హంగరీతో మ్యాచ్. ఎదుట ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్న జట్టు, ఆ ఒలింపిక్స్‌లో చివరికి కంచు పతకం పట్టుకెళ్ళిన జట్టు. రెండు గోల్స్ వెనకబడ్డాక 79వ నిమిషంలో బలరాం ఒకటి తిరిగిచ్చాడు. మిగతా పదకొండు నిమిషాలూ హంగరీ వాళ్ళు స్కోరు కాపాడుకునే పనిలో పడ్డారు. 2-1తో బయటపడ్డారు. గ్రోసెటోలో పీకే గోలుతో ఫ్రాన్స్‌ను 1-1 దగ్గర ఆపారు. పెస్కారాలో పెరూతో 1-3. ఆ ఒక్కటీ బలరాందే. మొత్తం మూడు మ్యాచ్‌ల్లో భారత్ కొట్టిన మూడు గోల్స్‌లో రెండు ఈ అమ్ముగూడ కుర్రాడివి. ఆ తర్వాత ఇంతవరకూ మన పురుషుల జట్టు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు అర్హత సంపాదించలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ చాలామందికి 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో తెలిసింది. సినిమాలో అజయ్ దేవగణ్ రహీం అయ్యాడు. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో 0-2 ఓటమి. థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. ఈ రెండింటిలోనూ బలరాం ఒక్కో గోలు వేశాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి తప్పుపట్టడంతో స్టేడియం మొత్తం మనవాళ్ళ మీద పగబట్టింది. సెప్టెంబరు 4న ఫైనల్లో, లక్షమంది ఎద్దేవా చేస్తుండగా, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి. దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్ ముదిరిన రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు. 1962కు గాను బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

కొలువు మీద ఆట నడవడం మన ఒక్కచోటే కాదు. అదే 1962 జూన్‌లో శాంటియాగోలో చెకోస్లొవేకియా ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది. 15వ నిమిషంలో యోసెఫ్ మసోపుస్ట్ గోలుతో బ్రెజిల్ కంటే ముందుకెళ్ళి, 1-3తో ఓడింది. ఆ ఏడాది ఐరోపా ఉత్తమ ఆటగాడు ఆయనే. మసోపుస్ట్ ఆడిన క్లబ్బు డుక్లా ప్రాగ్, సైన్యం జట్టు. అంటే జీతం సైన్యానిది. ఆ లెక్కన ప్రాగ్‌కీ హైదరాబాద్‌కీ తేడా లేదు. ఇక్కడ పోలీసు, అక్కడ పటాలం. కలకత్తాలో పీకే ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి, చునీ బ్యాంకు ఉద్యోగి. చెక్ వాళ్ళకు బయటికి వెళ్ళడమూ అంత తేలిక కాదు. మసోపుస్ట్‌ను బెల్జియం క్లబ్బుకు పంపడానికి ప్రభుత్వం ఒప్పుకునేసరికి అతను ముప్ఫై దాటి చాలా కాలమైంది.

తర్వాత దారులు వేరయ్యాయి. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయినా అక్కడ క్లబ్బుల వ్యవస్థ పోలేదు. బొగ్గు గనుల ఊరు ఓస్ట్రావాలో గని కార్మికుల క్లబ్బుగా పెరిగిన బానిక్ నుంచి మిలాన్ బారోష్ లివర్‌పూల్‌కు వెళ్ళాడు. 2004 యూరోలో ఐదు గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు. 2005లో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఆడాడు. లియోన్, గలతసరాయ్ తిరిగి, చివరికి బానిక్‌కే వచ్చి 2020లో ఆట మానాడు. పల్లెటూరి పిల్లవాడు ఎక్కడ మొదలుపెట్టాలో, అయిపోయాక ఎక్కడికి తిరిగి రావాలో అక్కడ ఒక చిరునామా ఉంది.

బలరాంకు ఆ చిరునామా దొరకలేదు. 1963లో రైల్వే కొలువుతో బీఎన్ఆర్ జట్టుకు మారాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే మనకు కొత్తది కాదు, వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఎన్నో తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టింది. కానీ ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఇరవై ఏడేళ్ళకే ఆట ఆపేశాడు. స్ట్రైకర్లు పండే వయసది. పెళ్ళి చేసుకోలేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉండిపోయాడు. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ ఇచ్చారు. మూడో పేరు ఆ జాబితాలోకి ఎక్కనే లేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు, దాచుకోవాల్సిన అవసరమూ నాకు కనిపించదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయాడు.

ఆయన వెనక హైదరాబాద్ ఫార్వర్డ్‌ల వరస ఇంకొంతకాలం నడిచింది. 1970 ఆసియా క్రీడల కంచు పతకం జట్టులో ఆడి, 1977లో కలకత్తాకు పీలేతో వచ్చిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోలు వేసిన మహమ్మద్ హబీబ్. 1974లో ఆసియా యువ ఛాంపియన్‌షిప్‌ను ఇరాన్‌తో పంచుకున్న జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ. వీళ్ళిద్దరి పేరూ కలకత్తాలోనే మోగింది. ఇంటి దగ్గర పోలీసు జట్టు చిక్కిపోయింది, ఆట పేరుతో కొలువులు తగ్గాయి, జాతీయ లీగు వచ్చేనాటికి పైస్థాయిలో నిలబడే క్లబ్బు మన ఊళ్ళో మిగల్లేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది, 2022లో ఐఎస్ఎల్ గెలిచింది. ఆ సీజన్ 18 గోల్స్ వీరుడు నైజీరియా వాడు ఒగ్బెచే. 2025లో ఆ జట్టు మూటాముల్లే సర్దుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది.

ఈమధ్య ఈ వరసలో కొత్త పేరొకటి చేరింది, ఈసారి అమ్మాయి పేరు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి, రైతు కుటుంబం నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య. భారత సీనియర్ మహిళల జట్టుకు ఆడిన ఫార్వర్డ్. కేరళలో గోకులం, క్రొయేషియాలో డినామో జాగ్రెబ్, తర్వాత ఈస్ట్ బెంగాల్. 2024-25లో ఆ క్లబ్బు మహిళల జాతీయ లీగు గెలిచినప్పుడు జట్టులో ఉంది. పోలీసు కొలువుతో కాకుండా క్లబ్బు ఒప్పందంతో ఆడుతున్న తెలుగు ఫార్వర్డ్. కాకపోతే ఆ ఒప్పందం మీద సంతకం చెయ్యడానికి కేరళో, బెంగాలో, జాగ్రెబో వెళ్ళాలి. ఇంటి దగ్గర అలాంటి కాగితం పెట్టే క్లబ్బు ఇప్పటికీ ఆమె జిల్లాలో లేదు, గుంటూరు జిల్లాలోనూ లేదు.