బొగ్గుబాయి, ఊరి బావి

తెలంగాణ బొగ్గు ప్రాంతంలో గనిని ‘బాయి’ అంటారు. బాయికి పోయాడంటే నీళ్లు తోడటానికి కాదు, షిఫ్టుకు వెళ్లాడని. పోలిక బాగానే కుదిరింది. ఎందుకోసం తవ్వినా, ముందు ఊరేది నీరే.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు సంపాదించింది. ఆ ఆస్తులు తర్వాత, 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్‌కు వచ్చాయి. గోదావరి లోయలో బొగ్గు పొరలు ఇసుకరాయి మధ్య ఉంటాయి. రేణువుల సందుల్లో నీటిని దాచుకునే రాయి అది. ఊటను సంపులోకి మళ్లించి, పంపుతో పైకి తోడిపోయకపోతే పని ఆగిపోతుంది. కాబట్టి గని లోపలి నీటి మీద ఒక కన్ను మొదటినుంచీ ఉంది. అయితే అది శత్రువు మీద వేసే కన్ను.

భయం ఊరికే పుట్టలేదు. పాడుబడ్డ పాత గనుల్లో నీళ్లు నిండి, మధ్య గోడ పలచబడితే ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అందుకే 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్, పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలన్నాయి. నియమం ఉన్నా, 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చాస్నాలాలో 375 మంది జలసమాధి అయ్యారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 17 మంది.

ఊరి బావి వంతు మాత్రం ఆలస్యంగా వచ్చింది. గనిలో నీళ్లు తోడేకొద్దీ చుట్టూ భూగర్భ జలమట్టం గరాటులా దిగుతుంది. ఆ వాలులో ఉన్న బావులూ దిగుతాయి. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం, 1994లో పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ వచ్చాయి. 2000లో బొగ్గు గనులకు ప్రత్యేక ప్రమాణాలు పెట్టారు. వాగులోకి వదిలే గని నీటిలో తేలాడే మట్టి, బొగ్గు నలుసు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు.

బావిని కొలిచే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. స్టీలు టేపు చివర సుద్ద రాసి లోపలికి వదులుతారు. గట్టు దగ్గర టేపు చూపే అంకెలోంచి తడిసిన మేర తీసేస్తారు, బావి గట్టు ఎత్తు కూడా తీసేస్తారు. మిగిలింది నేల నుంచి నీటి లోతు. ఏడాదికి నాలుగుసార్లు: జనవరిలో, ఎండాకాలంలో, ఆగస్టులో, నవంబర్‌లో. ఇంత తేలికైన పనే, తవ్వకానికి ముందు చేసి ఉండకపోతే తర్వాత ఎన్నిసార్లు చేసినా సగం ఫలితమే. బావి ఎండింది గని వల్లా, వాన లేకా, పక్క పొలంలో బోర్లు పడా అన్న తగవు తేలాలంటే పాత అంకె కావాలి. మొదటి తరం బాయిల చుట్టూ ఉన్న ఊళ్లకు ఆ అంకె లేకపోవడమే అసలు నష్టం.

2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం గని యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న అనుమతి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. దరఖాస్తు పెడితే ఎవరికైనా నకలు ఇవ్వాలి. గనికి దగ్గరి ఊరివారు అందులో తమ బావి ఉందో లేదో అడిగి చూడాలి.