ఒళ్ళు చేశావన్న మాట వెనుక కథ

సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీ అవ్వో పెద్దమ్మో మిమ్మల్ని చూడగానే అనే మొదటి మాట ఏది? "చిక్కిపోయావు నాయనా!" అని కదూ? కాస్త బొద్దుగా కనిపిస్తే "ఒళ్ళు చేశావు, బాగున్నావు" అని మెటికలు విరుస్తారు. చిక్కడం దిగులు పడవలసిన సంగతి, ఒళ్ళు చేయడం సంతోషించవలసిన సంగతి. ఈ రెండు మాటల వెనుక పెద్ద చరిత్రే ఉంది. స్థూలకాయం గురించి ఈ రోజు మాట్లాడుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మీరు బళ్ళారి వైపు వారైనా, హోసూరు వారైనా, గంజాం జిల్లా వారైనా మీ ముత్తాతలు కరువు చూసినవారే. 1866లో ఒడిశాలో వచ్చిన "న అంక" కరువు గంజాం దాకా పాకింది. 1876 నుంచి 1878 వరకు బళ్ళారి, కర్నూలు, కడప, సేలం జిల్లాలను తుడిచిపెట్టిన కరువును మనం ధాత కరువు అంటాం, తమిళులు తాదు వరుషపు పంజం అంటారు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. అప్పుడు బళ్ళారి, గంజాం, సేలం మూడూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఆ కరువులో ఒక వాదం నడిచింది. కరువు పనులకు వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషి ఒంటికి అది చాలదని మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఎదురు చెప్పాడు. ఆ వాదోపవాదాల తరువాత 1877లోనే కూలి కొంత పెంచారు. మనిషికి ఎంత తిండి కావాలన్న లెక్క మన ప్రాంతంలో అలా, ఆకలి చావుల మధ్య పెద్ద చర్చ అయింది. అటువంటి చోట ఒళ్ళు చేయడం దీవెన కాక మరేమవుతుంది?

అయితే లావు ఎక్కువైతే చేటని మన పూర్వులకు తెలియకపోలేదు. చరక సంహిత సూత్రస్థానంలో నిందితులైన ఎనిమిది రకాల శరీరాలను చెప్పే అధ్యాయం ఒకటి ఉంది. మరీ లావు, మరీ సన్నం ఆ ఎనిమిదింటిలోవే. అతి స్థూలుడికి ఆయుష్షు తగ్గుతుందని, చెమట, ఆకలి, దప్పిక పెరుగుతాయని అందులో ఉంది. మధుమేహం వంటి జబ్బు వచ్చేవారిలో లావైనవారు, సన్ననివారు అని రెండు రకాలున్నారని కూడా చరకుడు గుర్తించాడు. కాని ఆ రోజుల్లో అది కలిగినవారి జబ్బు.

ఇక కొలత సంగతి. 1832లో బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ కెట్లే ఒక సూత్రం కనిపెట్టాడు. పెద్దవారిలో బరువు ఎత్తుతో కాక, ఎత్తు వర్గంతో పాటు పెరుగుతుందన్నాడు. ఆయన వైద్యుడు కాడు, ఖగోళ, గణాంక శాస్త్రాలు చదివినవాడు. సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కకట్టడమే ఆయన ఉద్దేశం. ఎవరు లావో తేల్చడం ఆయన పని కాదు. ఆ తరువాత అమెరికాలో జీవిత బీమా కంపెనీలు లావుగా ఉన్న పాలసీదారులు త్వరగా చనిపోతున్నారని తమ లెక్కల పుస్తకాల్లో గమనించాయి. 1972లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు కెట్లే సూత్రానికే బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. అదే బి.ఎం.ఐ.

కాగితం, పెన్సిలు దగ్గరుంటే మీరూ వేసుకోండి. మీ ఎత్తు 160 సెంటీమీటర్లు, అంటే 1.6 మీటర్లు అనుకుందాం. 1.6ను 1.6తో హెచ్చిస్తే 2.56. మీ బరువు 70 కిలోలైతే 70ని 2.56తో భాగించండి. 27.3 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. కాని భారతీయులకు ఆ గీత ఇంకా కిందనే ఉండాలని మన వైద్యులు 2009లో చెప్పారు. 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

మనకెందుకు వేరే గీత? దీనికి జవాబు పుణెలో దొరికింది. అక్కడి డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఒక ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బి.ఎం.ఐ. ఒక్కటే, 22.3. కాని యాజ్ఞిక్ ఒంట్లో కొవ్వు 21.2 శాతం, యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం! పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు తూగారు. మన బిడ్డలు చిన్నగా పుట్టినా ఆ కొద్ది ఒంట్లోనే కొవ్వు పాలు ఎక్కువ. నెదర్లాండ్స్‌లో 1944–45 చలికాలపు కరువులో, గర్భం తొలి నెలల్లో తల్లికి తిండి కరువైన బిడ్డలు పంతొమ్మిదేళ్ళ వయసుకు ఎక్కువగా లావెక్కారని 1976లో తేలింది. ధాత కరువే ఈనాటి పొట్టకు కారణమని నేననడం లేదు. తల్లి కడుపులో కొరతకు అలవాటుపడిన ఒంటికి తరువాత సమృద్ధి ఎదురైతే అది కొవ్వును దాచుకుంటుందన్నంత వరకే ఈ మాట.

ఆ సమృద్ధి వచ్చింది. చౌకబియ్యం వచ్చింది, పిండిమర వచ్చింది, మోటారు సైకిలు వచ్చింది. 1994లో పామోలిన్ దిగుమతికి ప్రైవేటు వ్యాపారులకూ వీలు కలిగింది. పండుగనాటి బోండా రోజూ సాయంత్రపు బోండా అయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, బి.ఎం.ఐ. 25 లేక అంతకు మించిన స్త్రీలు ఒడిశాలో 23 శాతం, మహారాష్ట్రలో 23.4, కర్ణాటకలో 30.1, తమిళనాడులో 40.4, యానాం చేరిన పుదుచ్చేరిలో 46.2 శాతం. అదే సర్వేలో దేశం మొత్తం మీద 18.7 శాతం స్త్రీలు ఉండవలసిన దానికంటే సన్నగా ఉన్నారు. ఆకలి పోలేదు, దాని పక్కనే లావు వచ్చి కూర్చుంది.

లావుతో పాటు వచ్చేవి మీకు తెలిసినవే. చక్కెర జబ్బు, రక్తపోటు, గుండె జబ్బు, కాలేయంలో కొవ్వు, మోకాళ్ళ నొప్పి, నిద్రలో ఊపిరి ఆగడం, కొన్ని రకాల కాన్సర్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా బడిలో పిల్లల బరువులు తూచి, రిజిస్టరులో రాసుకోవడానికి గట్టిగా చదివాను. ఆరో తరగతి పిల్లవాడి అంకె చదవగానే తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. వారం తరువాత వాళ్ళమ్మ వచ్చింది. "సార్, మా వాడు బళ్ళో అన్నం తిననంటాడు. ఇంటికొచ్చి తలుపేసుకుని రెండింతలు తింటాడు" అంది. ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. మరునాడు ఆ పిల్లవాణ్ణి పక్కకు పిలిచి తప్పయిందని చెప్పాను. అప్పటి నుంచి మా బడిలో తూకం గదిలోపల, ఒక్కొక్కరికే. అంకె ఆ బిడ్డకు, తల్లిదండ్రులకు మాత్రమే తెలుస్తుంది. కెట్లే సూత్రం నవ్వడానికి పుట్టింది కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

మరి చేయవలసిందేమిటి? పిల్లలకు పెద్దల గీతలు పనికిరావు. వయసును బట్టి, ఆడపిల్లో మగపిల్లవాడో చూసి వేరే పట్టికలుంటాయి, డాక్టరు చూసి చెబుతారు. ఎదిగే బిడ్డను పస్తుంచకండి. చాలామంది పిల్లల్లో బరువు నిలకడగా ఉంటే చాలు, ఎత్తు పెరిగే కొద్దీ సర్దుకుంటుంది. తీపి పానీయాలు, పొట్లాల చిరుతిళ్ళు ఇంట్లోకి తేకుండా ఉండటం, సాయంత్రం గంటసేపు ఆడనివ్వడం పెద్దల చేతిలోని పని. ఒక్క బిడ్డకే కట్టడి పెట్టకండి, ఇంటిల్లిపాదీ మారండి.

పెద్దవారు ఉన్న బరువులో నూటికి అయిదు నుంచి పది వంతులు తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. చెన్నై డాక్టర్లు చక్కెర జబ్బు అంచున ఉన్నవారితో తిండి సర్దుబాటు, రోజుకు అరగంట నడక చేయించారు. మూడేళ్ళలో జబ్బులోకి జారేవారు 28.5 శాతం తగ్గారని 2006లో ప్రకటించారు. అన్నం కుప్ప తగ్గించి పప్పు, కూర పెంచండి. కొర్రలు, జొన్నలు మనవే, కాని అవి కూడా కొలతలోనే. అంతటితో తగ్గకపోతే మందులున్నాయి, శస్త్రచికిత్స ఉంది. డాక్టరుతో మాట్లాడటానికి సిగ్గు పడనక్కరలేదు. స్థూలకాయం సోమరితనానికి శిక్ష కాదు, దీర్ఘకాలపు జబ్బు.

ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు అవ్వ "చిక్కిపోయావు" అంటే నొచ్చుకోకండి. ఆమె నోట పలికేది ఆమె అవ్వ చూసిన కరువు. ఆమె పక్కన కూర్చుని ఒక ముద్ద తక్కువ తిని, భోజనమయ్యాక ఆమె చేయి పట్టుకుని చెరువుగట్టు దాకా నడిచి రండి. మాటలు ఆమె చెబుతుంది, మీరు వినండి.