శిశువుకు చనుబాలు: తొలి వారాలలో తలెత్తే ఇబ్బందులు, వాటి నివారణ

బిడ్డ పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టించడం, 6 నెలలు నిండే వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, ఆపై అనుబంధ ఆహారంతోపాటు 2 సంవత్సరాలు లేదా అంతకు మించి కొనసాగించడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. ఈ విషయమై మన దేశంలో ప్రచారం కొరవడిందని చెప్పలేము. ఏటా ఆగస్టు 1 నుండి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు జరుగుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో ‘మా’ పేరుతో ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించింది. అయినప్పటికీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సుమారు 89 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరుగగా, గంటలోపు తల్లిపాలు అందుకున్న శిశువులు 41.8 శాతం మాత్రమే. తల్లి సకాలంలో ఆసుపత్రికి చేరుతున్నది గాని, బిడ్డ తల్లి రొమ్ముకు చేరడం ఆలస్యమవుతున్నది.

శస్త్రచికిత్స ద్వారా జరిగే కాన్పులు ఇందుకు ఒక కారణం. అదే సర్వే ప్రకారం ఇవి తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అయితే వెన్నుకు మత్తు ఇచ్చినపుడు తల్లి మెలకువగానే ఉంటుంది. సిబ్బంది సాయపడితే ఆమె కూడా గంటలోపు పాలివ్వగలదు. కుట్లపై బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకొని గాని, బిడ్డను చంక కింది నుండి పట్టుకొని గాని పాలు పట్టవచ్చు.

మొదటి రెండు మూడు రోజులు వచ్చే పసుపు వన్నె ముర్రుపాలు కొద్దిగానే ఉంటాయి. వాటిని చూసి పాలు పడలేదని భావించి తేనె, పంచదార నీళ్లు నాకించడం నేటికీ అనేక కుటుంబాలలో కనిపిస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు ఒక్కోసారి ఒక టీస్పూను పాలు సరిపోతాయి. రోగనిరోధక పదార్థాలు సమృద్ధిగా ఉన్న ముర్రుపాలను పిండి పారబోయరాదు.

చనుమొనల నొప్పి, పగుళ్లు చాలావరకు బిడ్డ రొమ్మును సరిగా పట్టకపోవడం వల్లనే కలుగుతాయి. బిడ్డ చప్పరించవలసింది చనుమొనను కాదు, దాని చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని. బిడ్డ తల, వీపు ఒకే వరుసలో ఉండి, శరీరమంతా తల్లి వైపు తిరిగి, ఆమె పొట్టకు ఆనుకొని ఉండాలి. మెడ మాత్రమే పక్కకు తిప్పితే పాలు మింగడం కష్టం. (పెద్దలకైనా తల పక్కకు తిప్పి నీళ్లు తాగడం కష్టమే.) చనుమొనతో బిడ్డ పై పెదవిని తాకించి, నోరు పెద్దదిగా తెరచిన క్షణంలో బిడ్డను రొమ్ముకు దగ్గరగా తీసుకోవాలి. తల్లి ముందుకు వంగితే నడుము నొప్పి మిగులుతుంది. గడ్డం రొమ్ముకు తగలడం, కింది పెదవి బయటికి మడత పడడం, నల్లని భాగం నోటికి పైవైపున ఎక్కువగా కనిపించడం సరియైన పట్టుకు గుర్తులు. నొప్పి కొనసాగితే చిటికెన వ్రేలును బిడ్డ నోటి మూలన పెట్టి పట్టు విడిపించి, తిరిగి పట్టించాలి, బలవంతంగా లాగరాదు. పగుళ్లకు చివరి పాల చుక్కలు రాసి ఆరనివ్వాలి. సబ్బుతో పదేపదే కడిగితే పగుళ్లు పెరుగుతాయి.

మూడవ, నాలుగవ రోజున రొమ్ములు బిగుసుకొని రాయివలె కావచ్చు. అప్పుడు పాలివ్వడం మానితే ఇబ్బంది పెరుగుతుంది. చేతితో కొద్దిగా పాలు తీసి నల్లని భాగాన్ని మెత్తబరచిన తరువాత బిడ్డకు పట్టాలి. పాలిచ్చాక చల్లని తడిగుడ్డ వేస్తే వాపు తగ్గుతుంది. రొమ్ములో ఒక భాగం ఎర్రబడి, నొప్పితోపాటు జ్వరం వస్తే వైద్యుని సంప్రదించాలి. ఈ స్థితిలోనూ ఆ రొమ్ము పాలు బిడ్డకు ఇవ్వవచ్చు.

డబ్బా పాలకు దారి తీసే ఫిర్యాదు మాత్రం ‘పాలు చాలడం లేదు’ అన్నదే. ఈ మాట ఇంటిలో ముందుగా ఎవరు అన్నా, చివరకు నమ్మేది తల్లి. బిడ్డ ఏడుపు ఆకలికి ఏకైక గుర్తు కాదు. 24 గంటలలో 8 నుండి 12 సార్లు పాలు తాగుతూ, వారం తరువాత రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తూ, రెండు వారాలకు పుట్టిన బరువును తిరిగి పొందితే పాలు చాలుతున్నట్లే. మొదటి రోజులలో బరువు కొంత తగ్గడం సహజం. బిడ్డ చప్పరించే కొద్దీ పాలు ఉత్పత్తి అవుతాయి. డబ్బా పాలు పోస్తే చప్పరింపు తగ్గి, పాలూ తగ్గుతాయి. ఆందోళన, నొప్పి పాలు చేపడాన్ని ఆలస్యం చేస్తాయి. కనుక బాలింతకు ధైర్యం చెప్పడం వైద్యంలో భాగమే. శిశువుల పాల పొడి, పాలసీసాల ప్రచారాన్ని 1992 నాటి చట్టం, 2003 సవరణ నిషేధించాయి.

పత్యం పేరుతో కూరగాయలు, మంచినీరు తగ్గించడం తగదు. తొలి 6 నెలలలో బాలింతకు రోజుకు సుమారు 600 కిలో క్యాలరీల అదనపు ఆహారం అవసరం. ఇక బిడ్డకు నడివేసవిలోనూ వేరే నీరు అక్కరలేదు. తల్లిపాలలో 85 శాతానికి పైగా నీరే.

నెలలు నిండక పుట్టి చప్పరించలేని శిశువులకు తల్లి పిండిన పాలను శుభ్రపరచిన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. పాలపీక వాడరాదు. బిడ్డ పాలు తాగడం మానివేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా, మూత్రం బాగా తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.