కర్నూలు, కడప జిల్లాల ఎన్నికలు: ఓటు రహస్యం చరిత్ర

పాత కర్నూలు, కడప జిల్లాల ఎన్నికల చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా నాయకులతో మొదలుపెడతారు. దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, వై.ఎస్. రాజశేఖరరెడ్డి వంటి ముఖ్యమంత్రులను ఇచ్చిన నేల కనుక అది సహజమే. అయితే నాయకులను గెలిపించిన ఓటరు వైపు నుంచి చూస్తే ఇక్కడి చరిత్ర మరోలా కనిపిస్తుంది. చట్టం ఓటరు పేరును దాచింది గానీ ఊరి పేరును దాచలేదు. పల్లెల్లో కక్షలు ఓటు చుట్టూ ముదరడానికి ఉన్న కారణాల్లో ఇది బలమైనది, తక్కువగా చర్చకు వచ్చింది.

తొలి సాధారణ ఎన్నికల నాటికి ఈ రెండు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు ఉండేది, ఓటరు చాటుకు వెళ్లి కాగితాన్ని తనకు నచ్చిన పెట్టెలో వేసేవాడు. అంతకుముందు ఓటు హక్కు ఆస్తిని, పన్నును, చదువును బట్టి కొందరికే దక్కేది. అందరికీ ఓటు వచ్చిన ఆ మొదటి ఎన్నికలోనే కడప లోక్‌సభ స్థానం కమ్యూనిస్టు అభ్యర్థి యెద్దుల ఈశ్వరరెడ్డిని గెలిపించింది. 1962, 1967, 1971లోనూ ఆయనే గెలిచారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. ఏడాది తిరిగాక టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఆ ఊళ్లోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, మిగిలిన ఒక్క నంద్యాల జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డిని పంపింది. 1991 నవంబర్ ఉప ఎన్నికలో అదే నంద్యాల ప్రధాని పి.వి. నరసింహారావుకు 5.8 లక్షల మెజారిటీ ఇచ్చింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు ఆయన మీద తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. రాయలసీమ ఓటు నాయకుడి గుప్పిట్లోనే ఉంటుందనే మాటకు ఈ ఫలితాలు ఎదురు నిలుస్తాయి.

పార్లమెంటు ఓటు ఇంత స్వేచ్ఛగా కదిలినచోట పంచాయతీ ఓటు ఎందుకు రక్తం చిందించింది? 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక ఊరి పదవికి ఊరు దాటిన విలువ వచ్చింది. సర్పంచి పదవి సమితికి, సమితి పదవి ఎమ్మెల్యేకి దారి తీసింది. ఎమ్మెల్యే అండ ఉన్న వర్గానికి సారా పాటలు, రోడ్డు పనులు, మంగంపేట ముగ్గురాయి వంటి గనుల కాంట్రాక్టులు దక్కాయి. వానలు నమ్మి సేద్యం చేసే పల్లెల్లో ఇంత రాబడి ఇచ్చే దారి మరొకటి లేదు. ఫ్యాక్షన్ అని పిలిచే ఈ వర్గ కక్షలు పాలెగాళ్ల నాటి వారసత్వమనీ, ఎన్నికలకు వాటితో పని లేదనీ కొందరంటారు. పాలెగాళ్ల బలాన్ని బ్రిటిష్ కలెక్టర్ థామస్ మన్రో 19వ శతాబ్దం తొలి ఏళ్లలోనే అణచివేశాడు. పాత పగలు, పాత ఇంటిపేర్లు మిగిలి ఉండవచ్చు. కానీ పాలెగాడికి అక్కర్లేని ఒక వస్తువు కొత్త నాయకుడికి కావలసి వచ్చింది. అది ఊరి మెజారిటీ.

ఊరి మెజారిటీ కావాలంటే ముందు బూత్‌లో ఎదుటివాళ్ల ఏజెంటు కూర్చోకూడదు. ఓటరు ఎవరో గుర్తుపట్టి, ఒకరి ఓటు మరొకరు వేస్తుంటే అడ్డు చెప్పాల్సింది ఏజెంటే. అతను లేని బూత్‌లో అధికారి పరాయివాడు, జాబితాలో పేర్లు అతనికి పేర్లుగా మాత్రమే తెలుసు. అందుకే బలమైన వర్గం ఉన్న ఊళ్లో రెండో వర్గానికి ఏజెంటు దొరికాడా లేదా అన్నది పోలింగ్ ముందురోజే ఫలితంలో సగం చెప్పేసేది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి బూత్ ఆక్రమణను నేరంగా నిర్వచించారు, రీపోలింగ్‌కు వీలు పెంచారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ హయాంలో గుర్తింపు కార్డులొచ్చాయి. ఎన్నికల ముందు బైండోవర్ కేసులు, లైసెన్సు తుపాకులను స్టేషన్లో పెట్టించడం, సమస్యాత్మక గ్రామాల జాబితాలు మామూలయ్యాయి. పోలింగ్ రోజు భద్రత నిజంగానే మెరుగుపడింది.

పోలింగ్ తర్వాతి రోజుల సంగతి వేరు. కాగితం బ్యాలెట్ల కాలంలో, ఓటర్లపై కక్ష సాధింపు జరుగుతుందని ఎన్నికల సంఘం భావించిన నియోజకవర్గంలో అన్ని పెట్టెల కాగితాలూ కలిపి లెక్కించే వీలు నిబంధనల్లో ఉండేది. 2004లో దేశమంతా ఓటింగ్ యంత్రాలు వచ్చాక ఆ కలిపే పని ఆగిపోయింది. లెక్కింపు హాల్లో బల్ల మీద యంత్రం పెడతారు. సీలు సరిచూసి ఫలితం మీట నొక్కితే ఒక్కొక్క అభ్యర్థికి వచ్చిన ఓట్లు వరుసగా తెర మీద కనిపిస్తాయి. జాలీకి అవతల కూర్చున్న ఏజెంటు తన కాగితం మీద బూత్ నంబరు వేసి ఎదురుగా అంకెలు రాసుకుంటాడు. వెయ్యి ఓట్ల పల్లెకు ఒకటే బూత్. దళితవాడకు వేరే బూత్ ఉంటే ఆ వాడ ఓటు కూడా విడిగా తేలుతుంది. ఎవరు వేశారో తెలియకపోయినా ఏ వీధి వేసిందో సాయంత్రానికి ఊళ్లో అందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత బోరు ఎక్కడ వేయాలి, సిమెంటు రోడ్డు ఎంతవరకు పోవాలి అన్న నిర్ణయాల్లో ఆ అంకె కూర్చుంటుంది.

అమెరికాలోనూ ఫలితాలు పోలింగ్ కేంద్రాల వారీగా బయటపెడతారు కదా, అక్కడ లేని భయం ఇక్కడెందుకని అడగవచ్చు. అక్కడి చరిత్రే దీనికి జవాబు. 19వ శతాబ్దంలో చాలాకాలం అమెరికా పార్టీలే రంగు కాగితాల మీద బ్యాలెట్లు అచ్చు వేసి పంచేవి, ఓటరు చేతిలోని రంగును చూసి అతను ఎటువైపో చెప్పేవారు. ప్రభుత్వమే అచ్చు వేసే రహస్య బ్యాలెట్‌ను రాష్ట్రాల్లో మొదట మసాచుసెట్స్ 1888లో చేపట్టింది. కుటుంబ కక్షలకు పేరుపడిన కెంటకీలో 1891 దాకా నోటితో పైకి చెప్పి ఓటు వేసే పద్ధతి సాగింది. కెంటకీ సరిహద్దులోని హాట్‌ఫీల్డ్, మెకాయ్ వంశాల పగలో పేరుపొందిన కత్తిపోట్లు 1882 ఆగస్టులో ఎన్నికల రోజునే జరిగాయి. కక్షలున్నచోట బహిరంగపు ఓటు ప్రమాదమని వాళ్లూ ఆలస్యంగానే గుర్తించారు. ఉద్యోగం, ఇల్లు, నీళ్లు పార్టీ మనిషి చేతిలో లేని పట్నవాసికి తన కేంద్రం అంకెలు బయటపడితే పోయేదేమీ లేదు. పింఛను నుంచి పొలం దారి దాకా ఊరి పెద్ద మాట మీద నడిచే మనిషికి పోయేది చాలా ఉంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. 2019లో కర్నూలు జిల్లా 14, కడప జిల్లా 10 అసెంబ్లీ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. 2024లో ఆ పార్టీకి మిగిలినవి కర్నూలులో రెండు, కడపలో మూడు. భయమే ఓటును నడిపితే ఇంత తిరుగుబాటు ఎలా సాధ్యం? నిజమే, బూత్ లోపల ఓటరు స్వేచ్ఛగానే ఉన్నాడని ఈ అంకెలు చెబుతున్నాయి. ఈ వ్యాసం వాదన కూడా అతను భయపడి ఓటు వేస్తున్నాడని కాదు, స్వేచ్ఛగా వేసినందుకు అతని ఊరు తర్వాత మూల్యం చెల్లించాల్సి రావచ్చని.

దీనికి మందుగా ఎన్నికల సంఘం 2008లోనే టోటలైజర్‌ను ప్రతిపాదించింది. 14 బూత్‌ల యంత్రాలను కలిపి మొత్తం ఓట్లను మాత్రమే చూపే పరికరమది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏ బూత్‌లో వెనకబడ్డామో తెలిస్తే అక్కడ ఎక్కువ పని చేయవచ్చన్నది ఒక వాదన. సీమ పల్లెల్లో ఆ సమాచారం ఎక్కువ పనికి కాక తక్కువ పనికి వాడుకునే ప్రమాదమే పెద్దది. బూత్ లెక్క లేకపోతే మోసం పట్టడం కష్టమన్న వాదనకు మాత్రం బరువుంది. అయితే బూత్‌లో పడిన మొత్తం ఓట్లు పోలింగ్ అధికారి రాసే లెక్కపత్రం ఫారం 17సిలో ఎలాగూ ఉంటాయి. ఆ మొత్తాన్ని యంత్రంతో సరిచూశాకే అభ్యర్థుల ఓట్లను కలపవచ్చు.

స్థానిక ఎన్నికలకు ఈ మందు చాలదు. కొన్ని వందల ఓట్ల వార్డులో కలపడానికి రెండో పెట్టె ఉండదు. అంతకంటే పెద్ద స్థానాల్లో చిక్కు బూత్ దగ్గరే మొదలవుతుంది. 2025 ఆగస్టులో పదివేల పైచిలుకు ఓటర్లున్న పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో కాగితం బ్యాలెట్లే వాడారు. తెలుగుదేశం గెలిచింది. తమ ఏజెంట్లను కూర్చోనివ్వలేదని వైఎస్సార్ కాంగ్రెస్ ఆరోపించింది, రెండు బూత్‌లలో రీపోలింగ్ పెడితే దాన్ని బహిష్కరించింది. పార్టీల స్థానాలు తారుమారైనా ఫిర్యాదు మాత్రం పాతదే. అక్కడ ముందు కావలసింది రెండో వర్గం ఏజెంటు సాయంత్రం దాకా బూత్‌లో కూర్చుని, మర్నాడు తన పొలానికి తాను నిర్భయంగా వెళ్లగలిగే భద్రత.