బెల్లం ఆవకాయ పిల్లల పచ్చడేనా?

ఆవకాయ అన్న మాటలో ఆవ ఉంది, కాయ ఉంది. మిరప మాత్రం లేదు. ఎప్పుడైనా గమనించారా?

మా ఇంట్లో ఏటా వేసవిలో ఈ చర్చ వస్తుంది. నా పుట్టిల్లు గోదావరి వైపు, అత్తవారిల్లు బడంగ్‌పేట్. ఇక్కడ పచ్చడిని తొక్కు అంటారు. అల్లం వెల్లుల్లి దట్టించి, ఎర్రగా నిగనిగలాడితేనే అది మామిడికాయ తొక్కు. నేను పెట్టే బెల్లం ఆవకాయను చూసి మా అత్తమ్మ "గిది పోరగాండ్ల తొక్కు బిడ్డా" అని జాడీ పక్కకు జరిపేది. అలాంటిది రెండేళ్ళుగా ఆమెకే నోరు మండుతోంది, కారం ముట్టలేకపోతోంది. తొక్కు లేని అన్నం సగం తిని లేచిపోతుంది. తీపి పచ్చడి వేసుకోమంటే చిన్నతనం.

ఆమెకు చెప్పడానికి నేను బి.ఏ.లో చదివిన ఆముక్తమాల్యద పనికొచ్చింది. 1509 నుంచి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయలు అందులో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో చెప్తాడు. చలికాలపు భోజనంలో మిరియాల పొడి వేసిన కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్ళు, ఊరగాయలు, వేడి నెయ్యి ఉన్నాయి. మిరపకాయ ఊసే లేదు. అది అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తర్వాత పోర్చుగీసు ఓడల మీద మన తీరానికొచ్చి, మెల్లగా పొలాల్లోకీ వంటింట్లోకీ చేరింది. దాని పేరు కూడా మన మిరియానికి చుట్టమే.

అంటే ఊరగాయ ముందు, మిరప తర్వాత. కాయను నిలవ ఉంచేది కారం కాదు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. బెల్లం ఆ నీటిని తనలో పట్టి ఉంచుతుంది కాబట్టి బూజుకు తడి అందదు. నూనె పైన గాలి తగలనివ్వదు. పైగా ఆవ ఘాటు ముక్కుకెక్కి వెంటనే దిగిపోతుంది, మిరప మంటలా నాలుక మీద కూర్చోదు.

నేను పెట్టే పద్ధతి తేలికే. పుల్లటి, గట్టి కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి ముక్కలు కొట్టాలి. 4 గ్లాసుల ముక్కలకు ముప్పావు గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు ఉప్పు, గ్లాసు నువ్వుల నూనె, చెంచా మెంతులు, కాస్త పసుపు, రంగుకు 2 చెంచాల కారం. అన్నీ కలిపి జాడీలో పెట్టి, మూడో రోజు ముక్కలు పిండి తీసి ఎండలో పరచాలి. ఊటలో 2 గ్లాసుల బెల్లం తురుము వేసి, ఆ గిన్నె కూడా ఎండలోనే పెడితే కరిగి పాకంలా చిక్కబడుతుంది. ముక్కలు పైన ఆరి ముడుచుకున్నాక అందులో కలిపేయడమే. నాలుగైదు రోజులకు ముక్క పాకం పీల్చుకుంటుంది.

రాయలవారి సంగతి విని అత్తమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పెరుగన్నంలోకి మాత్రం ఒక ముక్క అడిగింది. ఇప్పుడు పూటకు రెండు.

మీ ఇంట్లోనూ కారం తినలేని పెద్దవాళ్ళుంటే ఈ వేసవిలో ఒక చిన్న జాడీ పెట్టండి. వడ్డించేటప్పుడు పిల్లల పచ్చడి అని మాత్రం అనకండి.