చాటుకొని అమ్మిన మనవారు

సరుకు మంచిదైతే చాలదు, అది ఉన్నదని నలుగురికీ తెలియాలి. సొంత ఊళ్లో ఉన్నవాడికి ఈ చిక్కు తక్కువ. తాతల నాటి కొట్టు, ఇంటిపేరు చెబితే చాలు. పరాయి రాష్ట్రంలో స్థిరపడిన మనబోటివారి సంగతి వేరు. ఇంటిపేరు ఎవరూ ఎరుగరు, స్థానిక భాష మొదట్లో సగమే వస్తుంది. కాబట్టి ప్రవాసాంధ్రులలో చిన్న వర్తకులు తమ సరుకును నలుగురికీ ఎట్లా చాటుకొన్నారన్నది మన సంచికలో చెప్పుకోదగిన చరిత్రే అని మా అభిప్రాయం. మేము పండితులము కాము. మెట్రిక్ గట్టెక్కి రైల్వే పార్సెలు ఆఫీసులో రసీదులు రాసుకొనేవారము. అయితే షోలాపూరు నుండి ఏ సరుకు ఎక్కడికి పోతున్నదో, ఎక్కడి నుండి ఏది వస్తున్నదో మూటల మీది చిరునామాలు చూసి చెప్పగలము. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పూర్వం ఊళ్లలో చాటింపు అంటే దండోరాయే. సంతలో అయితే గొంతే పెట్టుబడి. ఈ రెండూ ఊరి పొలిమేర దాటవు. పొలిమేర దాటించినవి రైలు, తపాలా. 1871లో బొంబాయి వైపు నుండి వచ్చిన లైనూ, మద్రాసు వైపు నుండి వచ్చిన లైనూ రాయచూరు దగ్గర కలిశాయి. 1877లో వి.పి.పి. పద్ధతి వచ్చింది. 1879లో పావు అణా కార్డు, ఆ మరుసటి ఏడాది మనియార్డరు వచ్చాయి. పదేళ్లు తిరగకముందే ఇన్ని మార్పులు! వీటిలో వి.పి.పి. విలువ ఇప్పటివారికి అంతగా తెలియదు. డబ్బు ముందు పంపితే సరుకు రాదేమోనని కొనేవాడి భయం. సరుకు ముందు పంపితే డబ్బు రాదేమోనని అమ్మేవాడి భయం. పోస్టుమాను మధ్యవర్తి అయి, ఇంటి గుమ్మంలో డబ్బు పుచ్చుకొని పొట్లం ఇచ్చి, ఆ డబ్బు అమ్మినవాడికి చేరవేశాడు. ముఖం చూడని ఇద్దరి మధ్య బేరం కుదరడానికి దారి అట్లా పడింది.

ఈ దారిన నడిచి గెలిచిన ప్రవాసాంధ్రులలో మొదట తలచుకోవలసినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారిని దేశోద్ధారకులుగా అందరూ ఎరుగుదురు. వర్తకులుగా ఎరిగినవారు తక్కువ. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టి, మద్రాసులో పట్టం పుచ్చుకొని, కొంతకాలం కలకత్తాలో ఉండి, చివరికి బొంబాయి చేరారు. అక్కడ 1893లో అమృతాంజనం ప్రారంభించారు. బొంబాయిలో తెలుగువారికి అప్పటికే కొదువ లేదు. కట్టడపు పనులకు వచ్చిన మన కామాఠీల పేరనే కామాఠీపుర అనే పేట వెలసింది. కాని తలనొప్పి మందు కొనడానికి భాష అడ్డం కాదు, నమ్మకమే కావాలి. పంతులుగారు ఆ నమ్మకం సంపాదించిన తీరు చూడండి. సంగీత సభల్లో అమృతాంజనం ఊరికే పంచిపెట్టించేవారు. పాట వినడానికి జనం గుమిగూడతారు, గంటల తరబడి కూర్చుంటారు, కొందరికి తల దిమ్మెక్కుతుంది. సీసా మూత తీస్తే ఆ వాసన పక్క వరుసకూ పోతుంది. ఇంతకన్న మంచి ప్రకటన మరొకటి ఉంటుందా! నలుగురు కూడే చోటికి తానే వెళ్లి, అమ్మకముందే ఒక ఉపకారం చేసి, తరువాత జనం నోటనే పేరు పాకేటట్లు చేశారు. ఈనాడు సోషల్ మీడియాలో వర్తకం చేసేవారికి పెద్ద పెద్ద ఫీజులు పుచ్చుకొని నేర్పుతున్నది ఈ కిటుకునే.

అంతటితో ఆగినా ఆయన ధనవంతులే అయ్యేవారు. 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రిక వారపత్రికగా ప్రారంభించారు. తెలుగు గడ్డకు అంత దూరాన కూర్చుండి తెలుగు పత్రిక అచ్చు వేయించడం ఎంతటి సాహసమో, ఈ చిన్న సంచికకు అక్షరదోషాలు దిద్దే కుర్రవాళ్లను అడిగితే చెబుతారు. 1914లో పత్రిక మద్రాసుకు మారి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక పుట్టింది. మందు మీద వచ్చిన లాభం పత్రికకు అండ అయింది; పత్రిక మందు పేరును ఇంటింటికీ చేర్చింది. వేరొకరి పత్రికలో జాగా కొనుక్కొనే వర్తకుడు తానే జాగాకు యజమాని అయ్యాడన్నమాట. ఈ సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉన్నది. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు ఎంత పేరు మోశాయో పెద్దలు ఎరుగుదురు. వెనక పుటల్లో ప్రకటనలు పెట్టుకొని వెలువడే మన సంచిక కూడా ఆ వరుసలోదే.

రెండవవారు డాక్టర్ కె.ఎన్. కేసరిగారు. ఒంగోలు ప్రాంతపు పేదయింట పుట్టి, చిన్నతనంలోనే మద్రాసు చేరి, కేసరి కుటీరం పేర ఆయుర్వేద మందుల వ్యాపారం నిలబెట్టారు. స్త్రీల మందు లోధ్ర వారిదే. మందు స్త్రీలది కనుక, స్త్రీలు చదివే పత్రిక ఉండాలని తోచింది కాబోలు, 1928లో గృహలక్ష్మి మాసపత్రిక స్థాపించారు. రచయిత్రులకు స్వర్ణకంకణం బహూకరించే ఏర్పాటు కూడా చేశారు. ఇందులో వర్తకం ఎంత, సేవ ఎంత అని కొందరు విమర్శకులు లెక్కలు తీస్తారు. మాకు ఆ లెక్క అక్కరలేదు. ఆ పత్రిక మూలంగా కలం పట్టిన ఆడవారు ఉన్నారు, అది చాలు.

అందరూ ఇటువంటివారేనా అంటే కారు. పాత పత్రికలు తిరగవేస్తే, ఒకే గుళికతో సమస్త రోగాలూ కుదురుతాయనే ప్రకటనలు కుప్పలుగా కనబడతాయి. ఆ బెడద ముదిరే 1954లో ప్రభుత్వం మందుల అభ్యంతరకర ప్రకటనలను అరికట్టే చట్టం చేయవలసి వచ్చింది. ఇప్పుడు ఫోనులో వచ్చే మోకాళ్ల నూనె వీడియోలు చూస్తే ఆ గుళికలవాళ్ల మనుమలే దిగారేమో అనిపిస్తుంది.

ఇక మన కాలానికి వద్దాము. వాట్సాప్ 2009లో, ఇన్‌స్టాగ్రామ్ 2010లో పుట్టాయి. 2016లో జియో రావడంతో డేటా చవక అయింది. ఆ సంవత్సరమే యు.పి.ఐ. కూడా వచ్చింది. 2018లో చిన్న వర్తకుల కోసం వాట్సాప్ బిజినెస్ వచ్చింది. వి.పి.పి., కార్డు, మనియార్డరు కలిసి చేసిన పని ఇప్పుడు ఒక్క ఫోను చేస్తున్నది. మగ్గం మీద బతికిన మన పద్మశాలీ కుటుంబాలలో దుప్పట్లు, తువాళ్లు ఇంటి నుండే అమ్ముకొనేవారు ఇప్పుడు ఉన్నారు. మా పేటలో ఒక అక్కగారు కంది పొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి చేసి పంపుతారు. ఆవిడ మగ్గాల కార్ఖానాలో కూలికి పోయేవారు. అది మూతపడ్డ తరువాత ఈ పని పట్టారు. మొదట పాతికమంది చుట్టాల గ్రూపులో ఫోటో పెట్టారు. ఇప్పుడు పూనా, హుబ్లీ, సూరతులకు పొట్లాలు పోతున్నాయి.

ఆవిడ పద్ధతి మేము దగ్గరుండి చూశాము. పగటి వెలుగులో కిటికీ దగ్గర ఫోటో తీస్తారు. ధర, తూకం, తయారుచేసిన తేదీ ఫోటో కిందనే రాస్తారు. “ధర కోసం మెసేజ్ చేయండి” అనే మాట ఉండదు. ఆ మాట చూడగానే సగంమంది జారుకొంటారని ఆవిడ అంటారు, నిజమే. స్టేటస్ ఇరవై నాలుగు గంటలే ఉంటుంది కనుక, మధ్యాహ్నం పొడి దంచేటప్పుడు ఒకటి, పొట్లాలు కట్టేటప్పుడు ఒకటి పెడతారు. తిండి వస్తువులు కాబట్టి ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రిజిస్ట్రేషను చేయించుకొన్నారు. నూనె కారే సీసాలకు రెండు పొరల కవరు వేయడం మాత్రం మేము చెప్పిందే. పచ్చడి కారితే పార్సెలు ఆఫీసులో పక్కవారి సరుకు ఏమవుతుందో మాకే తెలుసు.

అయితే ఆవిడ అన్నింటికన్న జాగ్రత్తగా చూసుకొనేది ఫోను కాదు, ఒక నోటు పుస్తకం. కొన్న ప్రతివారి పేరు, ఊరు, నెంబరు, ఏ పొడి ఇష్టమో అందులో ఉంటాయి. ఈ జాగ్రత్త వృథా కాదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన పద్ధతి మార్చి, స్నేహితుల, బంధువుల సంగతులకు పెద్దపీట వేసింది. వ్యాపారుల పేజీల్లో పెట్టినవి డబ్బు కట్టనిదే మునుపటంతమందికి కనబడకుండా పోయాయి. 2020 జూన్ చివర మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. నిషేధానికి కారణాలు వేరు, వాటి మంచిచెడ్డలు మా విషయం కాదు. కాని దాని మీదనే చీరలూ, గాజులూ అమ్ముకొనే చిన్నవారికి రాత్రికి రాత్రి వాడుకదార్లు మాయమయ్యారు. పంతులుగారికి సొంత పత్రిక ఉన్నది, చందాదార్ల రిజిస్టరు ఉన్నది. మనకు ఉన్నది అద్దె గోడ. దాని మీద ఎంత అందంగా రాసినా, వెల్ల వేసే హక్కు ఇంటివాడిదే. ఆ నోటు పుస్తకమే మనవారి చందాదార్ల రిజిస్టరు.

“బూస్టు” పేర డబ్బు పోసేవారికి ఒక మనవి. ముందు కొన్నవారే మళ్లీ అడుగుతున్నారా అన్నది చూసుకొని గాని చేయి పెట్టవద్దు. మళ్లీ అడగని సరుకుకు ప్రకటన ఎంత వేస్తే నష్టం అంత. అట్లాగే, సరుకు కొంటామని చెప్పి, డబ్బు పంపుతున్నాము, ఈ చదరం స్కాన్ చేసి పిన్ను కొట్టండి అనేవారు తయారయ్యారు. మనకు డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కరలేదు. పిన్ను కొట్టమన్నారంటే మన ఖాతాలోది పోతున్నదని అర్థం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్కటీ నేర్పండి.

ఈసారి సంచిక ప్రకటనల పుటల్లో అప్పడాలవారు, జాకెట్లు కుట్టేవారు, పెండ్లి భోజనాలవారు ఉన్నారు. వెనుకటి సంచికల్లో ప్రకటన కింద దుకాణం గుర్తులు ఉండేవి: ఫలానా చావడి ఎదుట, ఫలానా గుడి వెనుక అని. ఇప్పుడు చాలావాటి కింద ఫోను నెంబరూ, ఆ నల్ల గళ్ల చదరమూ తప్ప ఏమీ లేదు. పేటలోని ముసలివారు ఇల్లు ఎక్కడని మమ్మల్ని అడుగుతున్నారు. వచ్చే ఏడు ప్రకటన ఇచ్చేవారు వీధి పేరు కూడా ఇవ్వగోరుతున్నాము.