కైరో లైబ్రరీలో డ్యాష్ గీతలు

డ్యాష్ గీత అనగా మధ్యమధ్య ఖాళీలు విడిచి గీసే రేఖ. యంత్రాల నమూనా చిత్రాలలో కంటికి కనబడని అంచులను, భౌగోళిక పటాలలో సరిహద్దులను ఇటువంటి గీతలతో చూపుతారు. కనుక ఖాళీలు పూడిపోయినచో బొమ్మ అందం చెడుట మాత్రమే కాదు, దాని అర్థమే మారిపోతుంది. కైరో అనే ద్విమితీయ గ్రాఫిక్స్ లైబ్రరీలో ఈ నమూనాను ప్రోగ్రామరు తనకు కావలసినట్లు నిర్ణయించుకొనవచ్చును. కార్ల్ వర్త్, కీత్ ప్యాకార్డ్ ప్రారంభించిన ఈ లైబ్రరీ సీ భాషలో వ్రాయబడినది. 2005లో వెలువడిన జీటీకే 2.8 తన చిత్రణకు దీనిని స్వీకరించింది.

నమూనా

కైరో_సెట్_డ్యాష్ అను ఫంక్షనుకు పొడవుల వరుస, ఆ వరుసలోని సంఖ్యల లెక్క, ఆఫ్‌సెట్ ఇవ్వాలి. వరుసలో మొదటిది గీత, రెండవది ఖాళీ, మరల గీత, ఈ విధంగా సాగుతుంది. 12, 4, 3, 4 అని ఇచ్చిన పెద్ద గీత, చిన్న గీత మార్చిమార్చి వస్తాయి. నమూనా చిత్రాలలోని మధ్యరేఖ ఇదే. ఆఫ్‌సెట్ 12 అయితే రేఖ ఖాళీతో మొదలవుతుంది. ఒకే సంఖ్య ఇచ్చినచో గీత, ఖాళీ సమానం. లెక్క 0 అయితే మామూలు గీత వస్తుంది. రుణసంఖ్య గాని, అన్నీ సున్నాలు గాని ఇస్తే కైరో దోషస్థితిలోనికి పోయి, ఆ తరువాత గీసినవేవీ పడవు.

ఖాళీలు పూడిపోవుట

ఇందుకు ముఖ్యకారణం గీతల కొనలు. ప్రతి చిన్న గీతకూ రెండు వైపులా కొన చేరుతుంది. మందం 6, గుండ్రని కొనలు, నమూనా 10, 6 అనుకొందాం. ఒక్కొక్క కొన 3 చొప్పున ముందుకు వచ్చి ఎదురెదురు కొనలు తాకుకొంటాయి, గీత ఏకాండీగా కనిపిస్తుంది. ఖాళీని 12 చేస్తే నిజమైన ఖాళీ 6 మిగులుతుంది. ఈ లక్షణమే చుక్కల గీతకు ఉపకరిస్తుంది: గీత పొడవు 0, ఖాళీ 8, మందం 4 అయితే 4 వ్యాసం గల చుక్కలు వరుసగా పడతాయి.

రెండవ కారణం తరచు ఎవరికీ తోచదు. నది వంటి వంకర రేఖను చిన్నచిన్న ముక్కలుగా విడివిడిగా గీసినచో, ప్రతి ముక్కకూ నమూనా మొదటినుండి ఆరంభమవుతుంది. మొదటి గీత 10, ముక్క 8 అయితే ఖాళీ వచ్చే అవకాశమే లేదు. ముక్కలన్నిటినీ ఒకే పథంగా కూర్చి ఒక్కసారే గీయుట మేలు. అది వీలుకానిచో అంతవరకు గీసిన పొడవును ఆఫ్‌సెట్‌గా ఇవ్వాలి.

మందంతో సంబంధం

కైరోలో ఈ పొడవులు గీత మందంపై ఆధారపడవు. క్యూటీ, జీడీఐ ప్లస్ లైబ్రరీలలో మాత్రం సంఖ్యను పెన్ను మందంతో గుణిస్తారు. అక్కడి నమూనాను ఇక్కడికి తెచ్చుకొనేవారు మందం 3 అయితే ప్రతి సంఖ్యనూ 3 చేత హెచ్చించుకోవాలి.